పనిచేయు యూనిట్లకు సముచిత కాంతి

మా ఆయన మీద నాకు పెద్దగా ఫిర్యాదులేమీ లేవు. సిగరెట్టు ముట్టరు, పేకాడరు, పెట్టింది తింటారు. ఉన్నదల్లా ఒకటే. ఆయనకు తెలుగు రాదు. మాట్లాడటం రాదని కాదు. విజయనగరంలో పుట్టి పెరిగిన మనిషి, కూరగాయల బండివాడితో గంటసేపు వాదించగలరు. రానిది ఆఫీసు తెలుగు. ఫైళ్ల మీద నోట్లన్నీ తెలుగులోనే ఉండాలని వాళ్ల శాఖలో నియమం వచ్చిన రోజు నుంచి ఆ నోట్లు మా భోజనాల బల్ల మీద పుడుతున్నాయి. ఆయన సగం ఇంగ్లీషులో చెబుతారు, నేను తెలుగులో రాస్తాను, ఆయన సంతకం పెడతారు. నేను బీయస్సీ ఫిజిక్సు, రెండో భాష తెలుగు. ఆ రెంటినీ పాతికేళ్లుగా పాలు పొంగిపోకుండా చూసుకోవడానికి మాత్రమే వాడుతున్న నాకు, ఇలా రాష్ట్ర పాలనలో చెయ్యి పెట్టే అవకాశం దొరికింది.

మా ఆయన పేరు భానోజీరావు. విశాఖపట్నం చివర కొండ వెనక ఉన్న ఒక సమాచార నిలయంలో, అంటే డేటా సెంటర్లో, ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు. అక్కడ ఏముంటుందో తెలియనివాళ్లకు చెబుతాను. ఒక పెద్ద హాలు. అందులో బీరువాల్లాంటి ఇనుప ర్యాకులు వరసలు వరసలుగా. ఒక్కో ర్యాకులో అరలు అరలుగా సర్వర్లు. ఎవరు పుట్టారు, ఎవరు పోయారు, ఏ పొలం ఎవరిది, అన్నీ వాటి కడుపులో ఉంటాయి. వాటికి కరెంటు కావాలి, చల్లగాలి కావాలి. వెలుతురు అక్కర్లేదు, ఎందుకంటే వాటికి కళ్లు లేవు. ఈ చివరి సంగతి తెలియడానికి ఫిజిక్సు చదవనక్కర్లేదని నేను అనుకునేదాన్ని.

పోయిన వేసవిలో పైనుంచి ఒక ఉత్తర్వు వచ్చింది. దాని పేరు కార్యస్థల కాంతి సంక్షేమ ఉత్తర్వు. పెద్దలెవరో ఏదో దేశం వెళ్లి, మంచి వెలుతురులో పని ఎక్కువ జరుగుతుందని విని వచ్చారట. "పనిచేయు ప్రతి యూనిట్ పైనా నేరుగా పైనుండి సముచిత కాంతి ప్రసరింపవలెను" అన్నది అందులోని ముఖ్యవాక్యం. వెంట ఒక ప్రొఫార్మా. ఒక్కో గదిలో పనిచేయు యూనిట్లు ఎన్నో నింపడానికి మూడు గడులు: శాశ్వత సిబ్బంది, కాంట్రాక్టు సిబ్బంది, పరికరములు.

ఆ కాగితం పట్టుకుని మా ఆయన ఒక పొద్దున్న వంటింటి గుమ్మంలో నిలబడ్డారు.

"హైమా, సర్వర్ హాలుకి ఏం రాయాలంటావ్?"

"అందులో ఎవరు పనిచేస్తారు?"

"పైడిరాజు."

"అయితే ఒకటి అని రాయండి."

"ఏ గడిలో రాయను? పైడిరాజు పర్మనెంటూ కాదు, కాంట్రాక్టూ కాదు. ఏజెన్సీ వాళ్లు సప్లై చేసే సర్వీసు. అగ్రిమెంటులో 'నిర్వహణ సేవ, ఒకటి' అనే ఉంటుంది. మనిషని ఎక్కడా ఉండదు."

"పదకొండేళ్లుగా ఆ హాల్లో వైర్లు పీకేదీ పెట్టేదీ అతనే కదండీ."

"సేవే కదా. సేవకి లైటు ఎందుకని ఆడిట్‌లో అడుగుతారు."

"పోనీ సున్నా రాయండి."

"సున్నానా? రాష్ట్రమంతా లైట్లు పెడుతుంటే మన హాల్లో పనిచేసేది సున్నా అని పంపితే, డైరెక్టరు గారు నన్ను కూడా ఆ సున్నాలో కలిపేస్తారు."

ఇక్కడ నేను చేసిన పని ఒకటి చెప్పాలి. అట్టు తిరగేస్తూ అన్నాను: "మూడో గడి ఖాళీగానే ఉంది కదా. నాలుగువందల పన్నెండు సర్వర్లూ పనిచేస్తున్నాయి కదా. 'సర్వరు అనునది అహోరాత్రములు పనిచేయునదే గనుక కాంతికి అర్హత కలదు' అని రాసెయ్యండి."

అది వెటకారం. నా గొంతు తెలిసిన ఎవరికైనా తెలుస్తుంది. ఇరవయ్యారేళ్లుగా ఆ గొంతు వింటున్న మనిషి మాత్రం "అహోరాత్రములు అంటే డే అండ్ నైటే కదా" అంటూ పెన్ను మూత తీశారు. నేను ఆపలేదు. అట్టు మాడుతోందని ఒక సాకు ఉంది గానీ, నిజం చెప్పాలంటే ఏమవుతుందో చూద్దామనిపించింది.

వారం తిరక్కుండా డైరెక్టరు త్రివిక్రమ ప్రసాద్ గారు ఫోన్ చేశారు. మా ఆయన భక్తి కొద్దీ స్పీకరు పెట్టారు.

"భానోజీ, ఆ అహోరాత్రములన్న పదం దగ్గర నేను కాసేపు ఆగిపోయానయ్యా. యంత్రం కూడా శ్రమజీవే అన్న దృక్పథం ఇంతవరకు ఏ శాఖ నుంచీ రాలేదు. మన హాలును ఆదర్శ కాంతి ప్రాంగణంగా ప్రతిపాదిస్తున్నాను. పై స్థాయిలో సూత్రప్రాయంగా హర్షం వ్యక్తమైంది."

ఉత్తర్వులో నేరుగా పైనుండి అని ఉంది కాబట్టి, ప్రతి ర్యాకు నడినెత్తి మీదా ఒక దీపం బిగించారు. ర్యాకులు మనిషి కంటే రెండడుగులు ఎత్తు. వెలుతురంతా వాటి మాడు మీద పడి అక్కడే ఆగిపోయింది. రెండు వరసల మధ్య మనిషి నడిచే సందు ఉంటుంది. అందులో ఇదివరకు ట్యూబులైట్లు ఉండేవి. వాటి సంగతేమిటన్న ప్రశ్న వచ్చినప్పుడు మా ఆయన అడిగిన నోటు నేనే రాశాను: "సందులయందు పనిచేయు యూనిట్లు ఏవియు లేనందున, అచటి ట్యూబులైట్లు నిష్ప్రయోజకములుగా భావించి తొలగించడమైనది." వాక్యం బాగా కుదిరిందని ఆ పూట సంతోషించాను కూడా.

ప్రారంభోత్సవానికి కుటుంబాలను పిలిచారు. జ్యోతి ప్రజ్వలనం చేద్దామంటే మంట కనిపిస్తే చాలు పైనుంచి మంటలార్పే గ్యాసు వదిలే ఏర్పాటు ఉంది ఆ హాల్లో. అందుకని బ్యాటరీతో వెలిగే ప్లాస్టిక్ దీపపు కుంది తెప్పించారు. డైరెక్టరు గారు చెప్పులు విడిచి, దాని మీట నొక్కి, కళ్లు మూసుకుని నమస్కారం పెట్టారు. తర్వాత నెత్తిదీపాలన్నీ ఒక్కసారి వెలిగాయి. అందరం చేతులు అడ్డం పెట్టుకుని చప్పట్లు కొట్టాం. రెండూ ఒకేసారి ఎలా చేశామో నాకు ఇప్పటికీ తెలియదు.

ఉపన్యాసాలు మొదలవగానే నేను మెల్లగా ఒక సందులోకి జారుకున్నాను. నాలుగడుగులు వేసేసరికి నా చేతి గాజులు నాకే కనపడలేదు. కాలికి ఏదో మెత్తగా తగిలింది.

"ఎవులది?" అన్నది మెత్తటిది.

"నేను పైడిరాజూ, భానోజీరావు గారి ఇంటి నుంచి."

"అమ్మగారా. సూసుకోండమ్మా, కింద వైర్లున్నాయి." నేల మీద గొంతుక్కూర్చున్న పైడిరాజు, ఉపన్యాసాలకని పళ్ల మధ్య నుంచి తీసి ఆర్పేసిన చిన్న టార్చిని మళ్లీ వెలిగించి నా చీర కుచ్చెళ్ల దగ్గర వెలుగు పెట్టాడు. రెండు చేతులూ వైర్ల మీద ఉండాలి కాబట్టి టార్చి నోట్లో ఉండాలి. నోట్లో టార్చి ఉంటుంది కాబట్టి అతను నెలరోజులుగా పనివేళల్లో ఎవరితోనూ మాట్లాడలేదట.

"బయట పెళ్లి పందిరిలా వెలిగిపోతోంది కదా. నీకీ టార్చి ఏమిటి?"

"ఎలుగు పైనుందమ్మా. పని కిందుంది." అతను ఒక వైరు చివర అంటించిన చీటీ చూపించాడు. ఆవగింజలంత అక్షరాలు. "సారుకి రెండుమార్లు సెప్పేను. పాత ట్యూబులైటు ఒక్కటి ఒగ్గీండి సారూ అని. సందులో ఎవులూ నేరు కదా పైడిరాజూ అన్నారు. మరి నానెక్కడున్నాను సారూ అన్నాను. నవ్వీసి ఎల్లిపోనారు."

"నేను చెబుతాలే."

"సెప్పండమ్మా. సీకట్లో తప్పు వైరు లాగీసేననుకోండి, మర్నాడు నాను ఇంటికే. ఏబయ్యొచ్చేసినాయి. ఇంకెవుడు పెట్టుకుంతాడు నన్ను. సిన్నదానికింకా నర్సు సదువు రెండేళ్లుంది."

అవతల నుంచి డైరెక్టరు గారి గొంతు వినిపిస్తోంది. చీకటి నుంచి వెలుగులోకి నడిచిన తొలి శాఖ మనదేనని చెబుతున్నారు.

ఇంటికి వచ్చేదారిలో కార్లో అడిగాను. "ఒక్క ట్యూబులైటు తిరిగి పెట్టిస్తే ఏం పోతుందండీ?"

"పెట్టించాలంటే సందులో ఎవరో ఉన్నారని రాయాలి. ఎవరూ లేరని మొన్నే సంతకం పెట్టాను. ఇంతలో మనిషి ఎక్కణ్ణుంచి వచ్చాడంటారు."

"పదకొండేళ్ల క్రితం వచ్చాడని చెప్పండి."

"హైమా, నీకు ఇల్లు తెలుసు. ఆఫీసు తెలీదు."

ఆ మాట నిజమే. ఇంట్లో మనం ఎవరికి కనపడాలో వాళ్లకు కనపడేలా దీపం పెడతాం.

ఆదర్శ ప్రాంగణం అన్నాక దానికి ఒక సలహాదారు ఉండాలి. బెంగళూరు నుంచి డాక్టర్ సుహాస్ వర్ధన్ అనే ఆయన వచ్చారు. హాల్లో మూడు రోజులు తిరిగి నూట పది పేజీల నివేదిక ఇచ్చారు. రేయింబవళ్లు పనిచేసేవాళ్లను ఒకే తీరు కాంతిలో ఉంచడం శ్రమ దోపిడీ అవుతుందని అందులో ఉంది. కాబట్టి పొద్దున్న ఉదయ కాంతి, ఆపైన మధ్యాహ్న కాంతి, ఆరు దాటాక సంధ్యా కాంతి. పైగా శాఖల స్వభావాన్ని బట్టి రంగులు. రెవెన్యూ సర్వర్లకు పసుపు, పోలీసు వాటికి నీలం కలిసిన తెలుపు, ఆరోగ్యశాఖకు లేత ఆకుపచ్చ.

ఒకసారి ఆయన మా ఇంటికి భోజనానికి వచ్చినప్పుడు వడ్డిస్తూ అడిగాను. "పొలాల రికార్డులకు పసుపే ఇష్టమని ఎలా తెలిసిందండీ?"

"మంచి ప్రశ్న మేడమ్. పసుపు కాంతి మొదలుపెట్టాక ఆ ర్యాకులో రెస్పాన్స్ పెరిగింది. ఉష్ణోగ్రతలో స్పష్టంగా కనిపించింది."

"అంటే వేడెక్కిందా?"

"చలనం వచ్చింది" అన్నారాయన, పప్పులో నెయ్యి కలుపుకుంటూ.

నూటికి పైగా దీపాలు నెత్తి మీద మండుతుంటే వేడెక్కక ఏం చేస్తుంది. చల్లబరచడానికి ఇంకో రెండు ఏసీలు బిగించారు. ఆ ఏసీలు కూడా అహోరాత్రములు పనిచేయునవే గనుక వాటి నెత్తి మీద కూడా దీపాలు పెట్టారు.

ఇంతవరకు బాగానే ఉంది. అప్పుడు రిజిస్ట్రేషన్ల శాఖ నుంచి ఒక ఘాటైన లేఖ వచ్చింది. వాళ్ల సర్వర్లు అన్నిటికంటే పాతవి. అయినా ర్యాకుల్లో అట్టడుగు అరల్లో, చీకట్లో ఉన్నాయి. నిన్నగాక మొన్న వచ్చిన పర్యాటక శాఖ సర్వర్లు పై అరల్లో కూర్చుని కాంతి అంతా అనుభవిస్తున్నాయి. సీనియారిటీని ఇలా తుంగలో తొక్కడం ఏ నిబంధన కింద జరిగిందో తెలుపగలరు, అని.

డైరెక్టరు గారు చలించిపోయారు. నాలుగువందల పన్నెండు సర్వర్లకూ సీనియారిటీ జాబితా తయారైంది. తాత్కాలిక జాబితా ముందు ప్రకటించారు, అభ్యంతరాలకు పదిహేను రోజులు గడువిచ్చారు. తుది జాబితా ప్రకారం పాతవన్నీ పై అరలకు, కొత్తవన్నీ కింది అరలకు. ఈ బదిలీలు చేసినది ఎవరో చెప్పనక్కర్లేదు. మూడు వారాలపాటు పైడిరాజు నోట్లో టార్చి పెట్టుకుని, పాతికేసి కిలోల పెట్టెలను ఎత్తి దించి, వైర్లు విప్పి కలిపి, పాత చీటీల మీద కొత్త చీటీలు అంటించాడు. అంటించినవి కొన్ని చలికి ఊడిపోయాయి. ఇన్నాళ్లూ చీకట్లో కూడా అతని చేతులకు ఏ వైరు ఎక్కడుందో తెలిసేది. ఇప్పుడు చేతులకూ తెలియదు, కళ్లకూ కనపడదు.

ఆ బదిలీలు సాఫీగా జరిగాయో లేదో చూడటానికి వచ్చిన రోజున సుహాస్ వర్ధన్ గారికి సందులో ఒక మెరుపు కనిపించింది.

"అదేం కాంతి? మన జాబితాలో లేదే" అన్నారట.

టార్చి వెలుగు ఆమోదిత రంగుల్లో దేనికీ సరిపోలేదు. పక్క ర్యాకుల సంధ్యా కాంతికి భంగం కలుగుతోంది. మెమో ఇవ్వాలి. ఎవరికివ్వాలి? సందులో ఎవరూ లేరు. బాగా ఆలోచించి మెమో టార్చికే ఇచ్చారు. "అనధికార కాంతి జనకము" అని చీటీ రాసి, దారంతో దాని మెడకు కట్టి, బీరువాలో పెట్టి తాళం వేశారు. సెల్‌ఫోన్లు ఎలాగూ హాల్లోకి రానివ్వరు.

ఆ చీటీ మీది మాటలు నావే. రాస్తున్నప్పుడు నా చెయ్యి ఒకసారి ఆగింది. "ఏవండీ, ఇప్పుడు అతను ఎలా చూస్తాడు?" అన్నాను. "పై నుంచి ఆర్డరు, నేనేం చేయను" అన్నారాయన, నా వైపు చూడకుండా. చెయ్యి మళ్లీ రాసింది.

నాలుగో రోజు, మంగళవారం పదకొండు గంటలకు, పైడిరాజు పర్యాటక శాఖ వైరు అనుకుని ఇంకోటి లాగాడు. అది జనన నమోదు సర్వరుది. ఏది లాగాడో తడిమి కనుక్కుని తిరిగి పెట్టేసరికి గంటా పది నిమిషాలు పట్టింది. ఆ గంటా పది నిమిషాలు రాష్ట్రంలో ఎవరూ పుట్టలేదు. ఆసుపత్రుల్లో కెవ్వుమన్నవాళ్లు ఉన్నారట గానీ, రికార్డుల ప్రకారం నిశ్శబ్దం.

పేపర్లో వచ్చింది. విచారణ వేశారు. డైరెక్టరు గారు మా ఆయనకు స్పష్టంగా చెప్పారు: శనివారం మధ్యాహ్నానికల్లా బాధ్యత ఎవరిదో తేలాలి. అధికారుల్లో ఎవరిదైనా అయితే సంజాయిషీ, ఒక హెచ్చరిక, వాళ్ల ఫైల్లో ఒక మచ్చ. ఎవరిదీ కాకపోతే ఏజెన్సీకి లేఖ వెళుతుంది, ఆ సేవను మార్చమని.

ఆ శనివారం రెండో శనివారం. సెలవు కాబట్టి విచారణ వీడియోలో. మా ఆయన భోజనాల బల్ల మీద ల్యాప్‌టాప్ పెట్టుకున్నారు. పైడిరాజు కూడా మా ఇంటికే వచ్చాడు. సేవకు లాగిన్ ఉండదు కాబట్టి అతను విడిగా హాజరు కాలేడు. ఉతికిన తెల్లచొక్కా వేసుకుని, మా ఆయనకు కాస్త వెనగ్గా, బల్ల మూలన కూర్చున్నాడు. ఉప్మా పెడితే చెంచాతో కలియబెడుతూ ఉన్నాడు గానీ తినలేదు.

పొద్దున్నే నేను నోటు రాసిచ్చాను. నాలుగు పేజీలు. నా జీవితంలో అంత మంచి నోటు రాయలేదు. "కాంతి వితరణలో ఏర్పడిన తాత్కాలిక అసమతౌల్యము వలనను, పరిస్థితుల సంక్లిష్టత వలనను సంభవించిన అంతరాయము" అని మొదలవుతుంది. నాలుగు పేజీల్లో ఎవరు చేశారన్నది మాత్రం ఎక్కడా దొరకదు. ఎవరి మీదా పడకపోతే పైడిరాజు మీద కూడా పడదని నా లెక్క. ఆఫీసు తెలియకపోవడమంటే ఇదే.

తెర మీద డైరెక్టరు గారు, ఆయన పక్క గడిలో సుహాస్ వర్ధన్ గారు. మా ఆయన చదవడం మొదలుపెట్టారు. రెండో పేజీలో డైరెక్టరు గారు చెయ్యెత్తారు.

"చాలా సమగ్రంగా ఉందయ్యా. అంటే మన వైపు ఎవరి లోపమూ లేదు. కాబట్టి సేవ విఫలమైంది. అంతేగా సారాంశం?"

"సార్, అది... హాల్లో వెలుతురు..."

"వెలుతురు లోపం లేదు" అన్నారు సుహాస్ వర్ధన్ గారు. "ఘటన సమయంలో ఆ ర్యాకుకి ఉదయ కాంతి నడుస్తోంది. ఉదయ కాంతిలో పొరపాట్లు జరగవని మా స్టడీ."

పైడిరాజు నా వైపు వంగాడు. "ఏటంతన్నారమ్మా ఆయన?"

"నువ్వు పొరపాటు చేసే వీల్లేదంటున్నారు."

"అయితే మంచిదే కదమ్మా" అన్నాడు ఆశగా.

"మరి సంజాయిషీ ఒకటి అడుగుదామా సార్, ఆ సందులో పనిచేసిన..." అని మా ఆయన గొణిగారు.

"ఎవరిని అడుగుతాం? సందులో ఎవరూ లేరని మీ ప్రొఫార్మాయే చెబుతోంది."

"ఎవరూ లేకపోతే తీసేయడం ఎవరిని సార్?"

డైరెక్టరు గారు చిన్నపిల్లవాడికి చెప్పినట్టు ఓపిగ్గా చెప్పారు. "భానోజీ, లైటు మంజూరు చేయాలంటే మనిషి ఉనికి కావాలి. తొలగించడానికి అక్కర్లేదు. సేవ ఉంటే చాలు. సోమవారం నుంచి కొత్త సేవ వస్తుంది. లేఖ మీద సంతకం పెట్టి పంపించండి. అన్నట్టు మీ వెనక ఎవరో కనపడుతున్నారు. ఇది గోప్యమైన విచారణ, గదిలో ఎవరూ ఉండకూడదు."

పైడిరాజు ఆ మాట విన్నాడు. ఎవరూ ఏమీ అనకముందే, అలవాటైన పనిలాగా, కుర్చీ చప్పుడు కాకుండా ఎత్తుకుని ఫ్రిజ్ పక్కకు, కెమెరా చూపు అందని గోడ వారకు జరిగాడు. ఉప్మా పళ్లెం కూడా తీసుకెళ్లాడు, బల్ల మీద తన గుర్తు ఏదీ మిగలకుండా.

మా ఆయన అతను జరగడం చూశారు. ఖాళీ అయిన చోటు చూశారు. చేతిలో ఉన్న నా నాలుగు పేజీలనూ బల్ల మీద బోర్లా పెట్టారు. ఆ మనిషి కాగితం లేకుండా ఆఫీసు తెలుగు మాట్లాడటం నేనెన్నడూ చూడలేదు.

"పైడిరాజూ, ఇలా రా" అన్నారు.

"పర్నేదు సారూ, ఇక్కడుంతాను."

"రమ్మంటున్నానా. నా పక్కన కూర్చో."

పైడిరాజు నన్ను చూశాడు. తల ఊపాను. వచ్చి కుర్చీ అంచున కూర్చున్నాడు. మా ఆయన ల్యాప్‌టాప్‌ను అతని వైపు తిప్పారు. తెర మూలన ఉన్న చిన్న గడిలో ఇద్దరి ముఖాలూ పడ్డాయి.

"ఎవరితను?" అన్నారు డైరెక్టరు గారు.

"పైడిరాజు సార్. ఆ సందులో పదకొండేళ్లుగా పనిచేస్తున్నాడు. ఇతను వైరు లాగింది చీకట్లో సార్. ఆ చీకటి నేను పెట్టించాను. ట్యూబులైటు ఒక్కటి ఉంచమని రెండుసార్లు అడిగితే నవ్వి వెళ్లిపోయాను. టార్చి కూడా నేనే తీసుకుని బీరువాలో పెట్టాను."

"భానోజీ, ఆలోచించి మాట్లాడండి. ఇది రికార్డు అవుతోంది."

"అవనీండి సార్. ఏజెన్సీకి లెటరు వద్దు, బాధ్యత నా పేరున రాసుకోండి. హాల్లో మనిషి ఉన్నాడని నాకు తెలుసు. తెలిసే లేడని సంతకం పెట్టాను. తప్పు నాది."